పోకెమాన్ పోటీలకు టీమ్ కట్టడం, ట్రెయిన్ చేయడం ఎలా?

"నా పోకెమాన్‌లన్నీ లెవెల్ 100. అయినా ర్యాంక్డ్‌లో వరసగా ఓడిపోతున్నా. ఎందుకు?" కొత్తగా పోటీల్లోకి వచ్చినవాళ్లలో దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఇదే. జవాబు చిన్నది. ర్యాంక్డ్ మ్యాచ్ మొదలవగానే అందరి లెవెలూ 50కి వచ్చేస్తుంది. కథ పూర్తి చేయడానికి పనికొచ్చిన లెవెల్ అక్కడ లెక్కలోకే రాదు. టీమ్‌లో ఏ పోకెమాన్ ఏ పని చేయాలో తెలియాలి, ఆ పనికి సరిపడా అంకెలు దానికి ఉండాలి. చాలామంది నచ్చినవాటిని ముందు ట్రెయిన్ చేసేసి, తర్వాత టీమ్ గురించి ఆలోచిస్తారు. ఆ వరస మార్చండి: ముందు టీమ్, ఆ తర్వాతే ట్రైనింగ్.

ఇక్కడ చెప్పేది పోకెమాన్ స్కార్లెట్, వయొలెట్ గేముల్లోని డబుల్స్ గురించి. అంటే 6 పోకెమాన్‌లతో వెళ్లి, ప్రత్యర్థి టీమ్ చూసి, 4 ఎంచుకుని, రెండేసి చొప్పున దింపే పద్ధతి. అధికారిక వీజీసీ (వీడియో గేమ్ చాంపియన్‌షిప్స్) పోటీలు జరిగేది ఇలాగే. ర్యాంక్డ్ సింగిల్స్ ఆడేవాళ్లు 6లోంచి 3 ఎంచుకుంటారు. ట్రైనింగ్ దశలు వాళ్లకూ ఇవే, టీమ్ కట్టే దశలో మాత్రం తేడాలుంటాయి.

కావలసినవి

- కథ పూర్తయిన గేమ్. పోకెమాన్ అంకెల్ని మార్చే మింట్లు, విటమిన్లు కొనాలంటే గేమ్‌లో డబ్బు కావాలి. అకాడమీ ఏస్ టోర్నమెంట్ మళ్లీ మళ్లీ ఆడితే బాగా వస్తుంది. గెలిస్తే వచ్చే డబ్బు పెంచే అమ్యులెట్ కాయిన్ పట్టించడం మరచిపోకండి.
- పోకెమాన్ షోడౌన్. బ్రౌజర్‌లో ఉచితంగా ఆడుకునే సిమ్యులేటర్ ఇది. ఏ పోకెమాన్‌నీ పట్టకుండానే, పెంచకుండానే టీమ్‌ని పరీక్షించుకోవచ్చు.
- ఒక డ్యామేజ్ కాలిక్యులేటర్, అంటే ఏ దెబ్బ ఎంత తగులుతుందో లెక్కకట్టేది. వెబ్‌లో ఉచితంగా దొరుకుతుంది.
- ఒక నోట్‌బుక్. ఫోన్‌లో నోట్స్ అయినా సరే.

1. నియమాలు చదవండి

ఏ పోకెమాన్‌లకు అనుమతి ఉందో రెగ్యులేషన్ (ఆ కాలానికి వర్తించే నియమావళి) మారినప్పుడల్లా మారుతుంది. మారని నియమాలు రెండు: ఒకే జాతి పోకెమాన్ రెండుసార్లు ఉండకూడదు, ఒకే ఐటమ్ ఇద్దరి చేతిలో ఉండకూడదు. ఫోకస్ సాష్ లాంటి ఐటమ్‌ని ఇద్దరికి ఇచ్చి, రిజిస్టర్ చేసే చోట ఆగిపోయేవాళ్లు చాలామంది.

2. ఒక జంటతో మొదలుపెట్టండి

ఆరింటినీ ఒకేసారి ఎంచుకోవద్దు. ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చే రెండింటిని పట్టుకోండి. ఉదాహరణకు పెలిప్పర్, ఆర్కలూడాన్ జంట.

ఆర్కలూడాన్ మూవ్ ఎలెక్ట్రో షాట్‌కి మామూలుగా రెండు టర్న్‌లు పడుతుంది. వాన ఉంటే అదే టర్న్‌లో పేలుతుంది, పైగా స్పెషల్ అటాక్ కూడా ఒక మెట్టు పెరుగుతుంది. పెలిప్పర్ డ్రిజిల్ ఎబిలిటీతో మైదానంలోకి వస్తూనే వాన తెస్తుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. అసలు సంగతి టైపుల్లో ఉంది. స్టీల్, డ్రాగన్ కలిసిన ఆర్కలూడాన్‌కి గ్రౌండ్, ఫైటింగ్ మూవ్‌లంటే గండం. వాటర్, ఫ్లయింగ్ అయిన పెలిప్పర్‌కి గ్రౌండ్ అసలు తగలదు, ఫైటింగ్ సగమే తగులుతుంది. అటు పెలిప్పర్‌కి ఎలెక్ట్రిక్ దెబ్బ నాలుగింతలు తగిలితే, ఆర్కలూడాన్‌కి సగమే. పెలిప్పర్ వైడ్ గార్డ్ నేర్చుకుంటే ఇద్దరిమీదా పడే ఎర్త్‌క్వేక్‌ని ఆపేస్తుంది. గ్రాస్ టైపులు ఎలెక్ట్రో షాట్‌ని తట్టుకుంటాయి కదా అంటే, వానలో గురి తప్పని హరికేన్ పెలిప్పర్ దగ్గరే ఉంది.

మీ జంట ఏదైనా ఇలాగే రాసుకోండి: మొదటిదాన్ని పడగొట్టేది ఏమిటి, దానికి రెండోది ఏం చేయగలదు. రెండో గడి ఖాళీగా మిగిలితే ఆ జంట పనికిరాదు.

బలమైనవాటినే ఎంచుకోవాలన్న పట్టుదల కూడా వద్దు. 2014 ప్రపంచ చాంపియన్‌షిప్‌ని సెజున్ పార్క్ గెలిచిన టీమ్‌లో పచిరిసు ఉంది. అంకెల్లో చాలా చిన్నది. కానీ ఫాలో మీ వాడి ప్రత్యర్థి దెబ్బల్ని తనవైపు లాక్కునేది. వోల్ట్ అబ్జార్బ్ ఎబిలిటీ ఉండటంతో అదే టీమ్‌లోని గ్యారడోస్‌కి ప్రాణాంతకమైన ఎలెక్ట్రిక్ మూవ్‌లు పచిరిసుకి తగిలినా హెచ్‌పీనే (ప్రాణశక్తి) పెరిగేది. ఆ టీమ్‌లో ఆ పనికి అంతకంటే తగినది లేదు. పోటీ టీమ్ అంటే ఏమిటో నాకు ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ ఇంకొకటి లేదు.

3. వేగం ఎవరి చేతిలో ఉంటుందో తేల్చండి

డబుల్స్‌లో సగం ఆట వేగమే. మీ టీమ్‌లో కనీసం ఒక వేగ నియంత్రణ ఉండి తీరాలి.

- టెయిల్‌విండ్: మీ వైపు వేగం రెట్టింపు. వాడిన టర్న్‌తో కలిపి 4 టర్న్‌లు. వింసికాట్ లాంటి ప్రాంక్‌స్టర్ ఎబిలిటీ ఉన్నవి దీన్ని ముందుగానే వాడేస్తాయి.
- ట్రిక్ రూమ్: నెమ్మదిగా ఉన్నది ముందు కదులుతుంది. వాడిన టర్న్‌తో కలిపి 5 టర్న్‌లు.
- ఐసీ విండ్, ఎలెక్ట్రోవెబ్: ప్రత్యర్థులిద్దరి వేగాన్నీ ఒక మెట్టు దించుతాయి.

హెచ్చరిక: మీరు ట్రిక్ రూమ్ వాడకపోయినా అవతలివాళ్లు వాడతారు. దానికి జవాబు ముందే ఉండాలి. దెబ్బ వేయని మూవ్‌లను అడ్డుకునే టాంట్‌తో ఆపుతారా, ఎదుటిదాన్ని ఆ టర్న్ కదలనివ్వని ఫేక్ అవుట్‌తో అడ్డుపడి వాడేదాన్ని పడగొడతారా, దెబ్బ తగలకుండా కాచే ప్రొటెక్ట్, స్విచ్‌లతో టర్న్‌లు దాటిస్తారా? ఏదో ఒకటి నోట్‌బుక్‌లో ఉండాలి. ఫేక్ అవుట్ ఘోస్ట్ టైపుకి తగలదని, మైదానంలోకి వచ్చిన మొదటి టర్న్‌లోనే పనిచేస్తుందని గుర్తుంచుకోండి.

4. మిగతా నాలుగు

ఈ నాలుగింటినీ ప్రశ్నలతో ఎంచుకోండి.

ప్రత్యర్థి అమూంగస్ స్పోర్‌తో నిద్రపుచ్చితే ఏం చేస్తారు? గ్రాస్ టైపుకీ, సేఫ్టీ గాగుల్స్ ఉన్నదానికీ స్పోర్ పట్టదు. మీ దెబ్బలన్నీ ఫిజికల్ అయితే, ఎదుటివాటి అటాక్‌ని తగ్గించే ఇన్సినరోర్ ఎబిలిటీ ఇంటిమిడేట్ ముందు ఏమవుతారు? మీ వాతావరణాన్ని ఇంకొకరు మార్చేస్తే? ఉదాహరణకు పెలిప్పర్, టార్కోల్ ఒకేసారి దిగితే నెమ్మదైన టార్కోల్ తెచ్చిన ఎండే మిగులుతుంది.

మూవ్‌ల విషయంలో ఒకటే చెబుతాను: ప్రొటెక్ట్‌ని తీసేయడానికి గట్టి కారణం ఉండాలి. కొత్తవాళ్లు నాలుగు దెబ్బ మూవ్‌లు పెట్టేస్తారు. ఒక టర్న్‌లో ఇద్దరు కలిసి కొట్టినప్పుడు, ఆ దెబ్బను వృథా చేసి పక్కనున్నదానికి అవకాశం ఇచ్చేది ప్రొటెక్టే. అసాల్ట్ వెస్ట్ ఉన్నవి, చాయిస్ ఐటమ్‌లు ఉన్నవి ఇందుకు మినహాయింపు. అసాల్ట్ వెస్ట్ ఉంటే దెబ్బ వేయని మూవ్‌లు వాడలేరు, చాయిస్ ఐటమ్ ఒకే మూవ్‌కి కట్టేస్తుంది.

5. ట్రెయిన్ చేయకముందే ఆడి చూడండి

టీమ్‌ని షోడౌన్ టీమ్‌బిల్డర్‌లో పెట్టి, మీ రెగ్యులేషన్ ఫార్మాట్ ఎంచుకుని కనీసం 15, 20 మ్యాచ్‌లు ఆడండి. ఈ దశ దాటేస్తేనే గేమ్ డబ్బంతా నీళ్లపాలవుతుంది. ఏ పోకెమాన్‌ని మీరు నాలుగింట్లోకి తీసుకోవడమే లేదో గమనించండి. ఆరింట్లో ఒకటి అలా మిగిలిపోతుంటే దాన్ని మార్చాలి.

టీమ్ కట్టే ఓపిక ఇప్పుడే లేకపోతే ఇంకో దారి ఉంది. గేమ్‌లో రెంటల్ టీమ్ కోడ్‌తో అనుభవజ్ఞుల టీమ్‌ని అలాగే తీసుకుని ఆడొచ్చు. కాకపోతే ప్రతి పోకెమాన్‌కీ ఆ ఐటమే ఎందుకిచ్చారో ఆలోచిస్తూ ఆడండి.

6. అంకెలు నిర్ణయించండి

అవసరమైనంత సిద్ధాంతం ఇంతే:

- ఐవీ: ప్రతి స్టాట్‌కి (హెచ్‌పీ, అటాక్, స్పీడ్ లాంటి అంకె) 0 నుంచి 31 వరకు ఉండే పుట్టుక అంకె.
- ఈవీ: ట్రైనింగ్‌తో వచ్చేది. ఒక స్టాట్‌కి గరిష్ఠంగా 252, అన్నీ కలిపి 510.
- నేచర్: ఒక స్టాట్‌ని 10% పెంచి, ఇంకొకదాన్ని 10% తగ్గిస్తుంది. ఏమీ మార్చనివీ కొన్ని ఉన్నాయి.

లెవెల్ 50లో, ఐవీ 31 ఉన్నప్పుడు, మొదటి 4 ఈవీలకి ఒక పాయింట్ పెరుగుతుంది. తర్వాత ప్రతి 8కి ఒక్కోటి. అందుకే 4, 12, 20... 244, 252 అన్న మెట్లలోనే ఈవీలు పెట్టండి. 250 పెట్టినా, 244 పెట్టినా ఫలితం ఒకటే.

దగ్గరగా చూద్దాం. గార్చోంప్, జాలీ నేచర్ (స్పీడ్ పెంచి, స్పెషల్ అటాక్ తగ్గించేది), అటాక్ 252, స్పీడ్ 252, హెచ్‌పీ 4. లెవెల్ 50లో స్పీడ్ 169 వస్తుంది. బేస్ స్పీడ్ (ఆ జాతికి ఉండే మూల అంకె) 100 ఉన్నవి ఎంత ట్రెయిన్ చేసినా 167 దగ్గర ఆగుతాయి. మీ లక్ష్యం వాటిని దాటడమే అయితే స్పీడ్‌కి 244 పెట్టినా 168 వస్తుంది, సరిపోతుంది. మిగిలిన 8 ఈవీలు స్పెషల్ డిఫెన్స్‌కో ఇంకెక్కడికో వెళ్తాయి. అయితే ఎదురుగా పూర్తి స్పీడ్ గార్చోంప్ దిగితే అదే ముందు కొడుతుంది. ఆ నష్టానికి ఒప్పుకుంటారా లేదా అన్నది మీ నిర్ణయం. స్ప్రెడ్ (ఈవీల పంపకం) చేయడమంటే ఇదే: ఎవరిని దాటాలి, ఎవరి దెబ్బ తట్టుకోవాలి అని పేరు పెట్టి నిర్ణయించుకోవడం.

ఇప్పుడు అదే గార్చోంప్ ఎర్త్‌క్వేక్‌ని ఇన్సినరోర్‌ మీద కాలిక్యులేటర్‌లో వేయండి. ఇన్సినరోర్‌కి హెచ్‌పీ 252, డిఫెన్స్ ఈవీ 0, నేచర్ డిఫెన్స్‌ని మార్చనిది అనుకోండి. దాని హెచ్‌పీ 202. ఇద్దరికి తగిలే మూవ్ కాబట్టి దెబ్బ 75%కి తగ్గుతుంది, అయినా 138 నుంచి 164 వరకు పడుతుంది. రెండు దెబ్బల్లో పడిపోవడం ఖాయం. అదే ఇంటిమిడేట్ తగిలాక చూస్తే 92 నుంచి 110. రెండు దెబ్బలు తగిలినా నిలబడే అవకాశం ఉంది. ఒక్క ఎబిలిటీతో మీ లెక్క తలకిందులైంది. అందుకే కాలిక్యులేటర్‌లో వాతావరణం, ఇంటిమిడేట్, ఐటమ్, టెరా టైప్ (మ్యాచ్ మధ్యలో పోకెమాన్ మార్చుకోగల టైపు), డబుల్స్ గుర్తు అన్నీ సరిగ్గా పెట్టారో లేదో రెండుసార్లు చూసుకోండి. డబుల్స్ బదులు సింగిల్స్ అని ఉండిపోవడమే ఎక్కువగా జరిగే తప్పు. ఇంకోమాట: ఎర్త్‌క్వేక్ మీ పక్కనున్నదానికీ తగులుతుంది. అది ఇబ్బంది అయితే ఒక్కరికే తగిలే స్టాంపింగ్ టాంట్రమ్ పెట్టండి. దాని బలం 75 కాబట్టి దెబ్బలో పెద్ద తేడా రాదు.

7. గేమ్‌లో ట్రెయిన్ చేయండి

అ. పాత ఈవీలు తుడిచేయండి. కథలో మీతో తిరిగిన పోకెమాన్‌కి ఈవీలు అడ్డదిడ్డంగా నిండిపోయి ఉంటాయి. "విటమిన్ పనిచేయడం లేదు" అని అడిగేవాళ్లలో చాలామంది సమస్య ఇదే. డీఎల్‌సీ (గేమ్‌కి విడిగా కొనే అదనపు భాగం) ఉంటే ఫ్రెష్-స్టార్ట్ మోచీ ఒక్కటి తినిపిస్తే అన్నీ సున్నా అవుతాయి. లేకపోతే బెర్రీలు వాడండి, ఒక్కోటి 10 ఈవీలు తగ్గిస్తుంది: పోమెగ్ హెచ్‌పీకి, కెల్ప్సీ అటాక్‌కి, క్వాలట్ డిఫెన్స్‌కి, హాండ్యూ స్పెషల్ అటాక్‌కి, గ్రెపా స్పెషల్ డిఫెన్స్‌కి, టమాటో స్పీడ్‌కి.

ఆ. ఈవీలు నింపండి. తొందరగా కావాలంటే విటమిన్లు. గేమ్‌లోని చాన్సీ సప్లై దుకాణంలో ఒక్కోటి 10,000, ఒక్కోదానికి 10 ఈవీలు. సున్నా నుంచి 252కి 26 కావాలి. 25తో 250 వస్తాయి. మిగతా 2కి ఈకలు ఉంటే అవి వాడండి, ఒక్కో ఈకకి ఒక ఈవీ. విటమిన్లు 100 దగ్గర ఆగిపోతాయని చెప్పే పాత గైడ్‌లు ఇంకా తిరుగుతున్నాయి. ఆ పరిమితి ఎనిమిదో తరం గేములతోనే పోయింది.

డబ్బు లేకపోతే పవర్ ఐటమ్ పట్టించి అడవి పోకెమాన్‌లతో పోరాడండి. పవర్ యాంక్లెట్‌తో ఒక ఫ్లెచ్‌లింగ్‌ని ఓడిస్తే స్పీడ్‌కి 1తో పాటు ఇంకో 8, మొత్తం 9. అంటే 28 ఫ్లెచ్‌లింగ్‌లతో సరిగ్గా 252. అటాక్‌కి పవర్ బ్రేసర్‌తో షింక్స్, స్పెషల్ అటాక్‌కి పవర్ లెన్స్‌తో రాల్ట్స్, స్పెషల్ డిఫెన్స్‌కి పవర్ బ్యాండ్‌తో హాపిప్ ఇలాగే. జాగ్రత్త: టీమ్‌లో ఊరికే కూర్చున్నవాటికీ ఈవీలు చేరతాయి. ఇంకా ట్రెయిన్ చేయనివాటిని బాక్స్‌లో పెట్టేయండి.

ఇ. నేచర్‌కి మింట్ తినిపించండి. మింట్ స్టాట్‌లనే మారుస్తుంది, అసలు నేచర్‌ని కాదు. ఆ పోకెమాన్‌ని తర్వాత గుడ్ల కోసం వాడితే పిల్లకి వెళ్లేది పాత నేచరే.

ఈ. ఐవీలు. లెవెల్ 50కి చేరాక మాంటెనెవేరా ఊళ్లో బాటిల్ క్యాప్ ఇచ్చి, ఒక స్టాట్‌ని ఐవీ 31 ఉన్నట్టుగా పెంచే హైపర్ ట్రైనింగ్ చేయించవచ్చు. ఇక్కడ ఆగి ఆలోచించండి, ఎందుకంటే దీన్ని వెనక్కి తీసుకోలేరు. స్పెషల్ మూవ్‌లు మాత్రమే వాడేదానికి అటాక్ తక్కువగా ఉండటమే మంచిది. ఫౌల్ ప్లే మీ అటాక్‌తోనే మిమ్మల్ని కొడుతుంది, తికమకలో తనను తాను కొట్టుకునే దెబ్బా అటాక్‌ని బట్టే ఉంటుంది. ట్రిక్ రూమ్‌లో ఆడేవాటికి స్పీడ్ ఐవీ 0 కావాలి. అమూంగస్‌కి స్పీడ్ ఐవీ 31, మామూలు నేచర్ ఉంటే స్పీడ్ 50. స్పీడ్ తగ్గించే రిలాక్స్‌డ్ నేచర్, ఐవీ 0 అయితే స్పీడ్ 31. గోల్డ్ బాటిల్ క్యాప్ అన్నిటినీ కలిపి పెంచేస్తుంది కాబట్టి ఇలాంటివాటికి అది వాడొద్దు.

ఉ. ఎబిలిటీ మార్చాలంటే ఎబిలిటీ క్యాప్సూల్, హిడెన్ ఎబిలిటీకి ఎబిలిటీ ప్యాచ్ వాడండి. టెరా టైప్ మార్చడానికి మెడాలీ ఊళ్లోని ట్రెజర్ ఈటరీ హోటల్లో అదే టైప్ షార్డ్‌లు 50 ఇవ్వాలి. షార్డ్‌లు సంపాదించడానికి టైం పడుతుంది, అందుకే 5వ దశలో టెరా టైప్ ఖాయం చేసుకోకుండా ఇక్కడికి రావొద్దు.

8. సరిచూసుకోండి

స్టాట్‌ల పేజీలో ఎల్ బటన్ నొక్కితే ఈవీల గ్రాఫ్ కనిపిస్తుంది. 252 నిండిన స్టాట్ మెరుస్తుంది. 510 పూర్తయితే గ్రాఫ్ రంగు మారుతుంది. కానీ 244, 12 లాంటి స్ప్రెడ్‌లని గ్రాఫ్ చూసి చెప్పలేం. అందుకని పోకెమాన్‌ని సరిగ్గా లెవెల్ 50 దగ్గర ఆపి, తెరమీద అంకెల్ని షోడౌన్‌లోని అంకెలతో ఒక్కొక్కటిగా పోల్చండి. పైన చెప్పిన మొదటి గార్చోంప్‌కి ఇలా రావాలి: హెచ్‌పీ 184, అటాక్ 182, డిఫెన్స్ 115, స్పెషల్ అటాక్ 90, స్పెషల్ డిఫెన్స్ 105, స్పీడ్ 169.

తేడా వస్తే కారణం అంకెలోనే దొరుకుతుంది. హెచ్‌పీ 183 ఉంటే ఆ 4 ఈవీలు వేరేచోటికి వెళ్లాయి. స్పీడ్ 154, స్పెషల్ అటాక్ 100 ఉంటే మింట్ పడలేదు. స్పీడ్ 154, అటాక్ 200 ఉంటే జాలీ బదులు అటాక్ పెంచే ఆడమెంట్ మింట్ పెట్టారు. లెవెల్ ఇప్పటికే 50 దాటిపోయిందా? స్నేహితుడితో లింక్ బ్యాటిల్‌లో లెవెల్ 50 నియమం పెట్టుకుని, మ్యాచ్‌లో కనిపించే హెచ్‌పీ చూడొచ్చు. మిగతావాటికి కాలిక్యులేటర్‌లో మీ లెవెల్ వేసి పోల్చాలి.

చివరగా మూవ్‌లు, ఐటమ్‌లు. టీఎం (మూవ్ నేర్పే ఐటమ్) వాడి నేర్పాల్సింది మరచిపోవడం, పవర్ యాంక్లెట్ చేతిలో ఉండగానే మ్యాచ్‌కి వెళ్లడం రెండూ తరచూ జరిగేవే. పవర్ ఐటమ్ వేగాన్ని సగానికి కోసేస్తుంది.

9. ఆడండి, ఒక్కొక్కటే మార్చండి

ఎదురయ్యే నాలుగైదు రకాల టీమ్‌లకు ముందే రాసుకోండి: మొదట దింపే ఇద్దరు, వెనకనుండే ఇద్దరు, టెరా ఎవరికి. పోటీల్లో ప్రతి టర్న్‌కి 45 సెకన్లే ఉంటాయి. అక్కడ మొదటినుంచి ఆలోచించే వ్యవధి ఉండదు.

ఓడిన మ్యాచ్‌ని మూడు పెట్టెల్లో ఒకదాంట్లో వేయండి. టీమ్‌లో జవాబే లేదా? జవాబు ఉన్నా దాన్ని నాలుగింట్లోకి తీసుకోలేదా? తీసుకున్నా తప్పు టర్న్‌లో వాడారా? మొదటి రకం ఓటములు పదేపదే వస్తేనే టీమ్ మార్చండి. రెండో రకమైతే మీ ప్లాన్ కాగితం తిరగరాయండి. మూడో రకానికి రీప్లే చూడటమే మందు. క్రిటికల్ హిట్‌తో (అనుకోకుండా మామూలుకంటే గట్టిగా తగిలే దెబ్బ) ఓడినా వదిలేయకండి. ఆ అవకాశం 24లో ఒకటి. దాన్ని అదృష్టమని పక్కన పెట్టి, అంతకు ముందు టర్న్‌లో ఆ దెబ్బకి ఎదురు నిలబడకుండా ఉండే దారి ఉందేమో వెతకండి.

మార్చాల్సి వస్తే ఒక్కసారి ఒక్కటే: ఒక ఐటమ్, లేదా ఒక మూవ్, లేదా ఒక పోకెమాన్. మార్చింది ముందు షోడౌన్‌లో, కుదిరాక గేమ్‌లో. తేదీ వేసి పాత టీమ్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. కొత్తది పనికిరాలేదని తేలినప్పుడు పాత స్ప్రెడ్ గుర్తుకు రాక ఇబ్బంది పడకుండా ఉంటారు.